నాలుగో రాత్రి డబ్బా దొరికింది, మనిషి దొరకలేదు

తెలంగాణ రాష్ట్ర ఆరోగ్యశాఖ మంత్రిగారికి నమస్కరించి రాయునది.

నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్ వెనక సందులో మా అమ్మవాళ్ళ ఇల్లు. ఈ జనవరిలో నేను అక్కడే బాలింతను. నుమాయిష్ నడిచే రోజుల్లో మా సందు ఎట్లుంటుందో మీకు తెలియనిది కాదు. సాయంత్రం నాలుగు దాటితే అజంతా గేటు నుంచి గాంధీభవన్ దాకా ఆటో కదలదు. రాత్రి పదిన్నర వరకూ మైకులో తప్పిపోయిన పిల్లల పేర్లు చదువుతూనే ఉంటారు. ఫలానా రంగు చొక్కా, ఫలానా వయసు, తల్లిదండ్రులు ఎక్కడున్నా వచ్చి తీసుకువెళ్ళగలరు. ఆ పేర్లు వింటూ, ఒళ్ళో కొడుకుని పెట్టుకుని, వాడి నోటికి రొమ్ము అందించలేక ఏడ్చినదాన్ని నేను.

నాకు ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఎక్కడ అన్నది రాయను. ఒక్క ఆసుపత్రి మీద ఫిర్యాదు రాస్తే ఆ ఒక్క ఆసుపత్రికి నోటీసు వెళ్తుంది, ఫైలు మూసుకుంటుంది. నా సంగతి ఒక్క ఆసుపత్రిది కాదు. మూడో రోజు సాయంత్రం ఇంటికి పంపారు. చీటీలో నాకు నొప్పి మాత్రలు, ఐరన్ మాత్రలు, వాటి కింద డబ్బాపాల బ్రాండు పేరు, పక్కన ‘అవసరమైతే’ అన్న మాట. అవసరమో కాదో ఎవరు తేల్చాలో మాత్రం అందులో లేదు.

నాలుగో రాత్రి తేలింది. రొమ్ములు రాళ్ళలా గట్టిపడ్డాయి. జాకెట్టు తగిలినా ప్రాణం పోతున్నట్టు ఉంది. బాబు నోరు తెరుస్తాడు, పట్టుకోబోతాడు, జారిపోతుంది, కెవ్వుమంటాడు. ఊదిన టైరును పళ్ళతో పట్టుకోమంటే మనమైనా పట్టుకోగలమా? అది నాకు ఇప్పుడు తెలుసు, అప్పుడు తెలియదు. అప్పుడు తెలిసిందల్లా చుట్టూ ఉన్నవాళ్ళ మాటలే. “పాలు పడ్డట్టు లేవు బిడ్డా” అంది అమ్మ. “మా వంశంల అందరికీ పుష్కలంగనే ఉండె” అంది ఫోన్‌లో అత్తమ్మ. ఎల్లిగడ్డ కారం పెంచారు. మెంతులు నానబెట్టారు. పక్కింటి ఖాలా పాయా చేసి పంపింది. పెట్టినవన్నీ తిన్నాను. రొమ్ము నిండా పాలుంటే, బయటికి వచ్చే దారి లేకపోతే, మెంతులు ఏం చేస్తాయి పాపం!

ఆసుపత్రికి ఫోన్ చేస్తే పొద్దున ఓపీకి రమ్మన్నారు. రాత్రి ఒంటిగంటకు మా ఆయన నాంపల్లి స్టేషన్ వైపు నడుచుకుంటూ వెళ్ళి, తెరిచి ఉన్న మెడికల్ షాపులో డబ్బా కొనుక్కొచ్చాడు. పదిహేను నిమిషాల పని. ఈ ఊళ్ళో అర్ధరాత్రి డబ్బాపాలు పదిహేను నిమిషాల్లో దొరుకుతాయి. బిడ్డను రొమ్ముకి ఎట్లా పెట్టుకోవాలో చెప్పే మనిషి ఎన్ని నిమిషాల్లో దొరుకుతుంది? మంత్రిగారూ, నా ఉత్తరం మొత్తం ఈ ఒక్క ప్రశ్నే.

ఆ డబ్బా మీద ఏం రాసుందో కూడా ఆ రాత్రి చదివాను. తల్లిపాలే బిడ్డకు శ్రేష్ఠమని ముఖ్య గమనిక. అట్లా రాయాల్సిందేనని 1992లో చట్టం చేశారు, 2003లో దాన్ని ఇంకా బిగించారు. డబ్బాపాలకు ప్రకటనలు ఇవ్వకూడదు, తల్లులకు ఉచిత శాంపిళ్ళు పంచకూడదు, ఆసుపత్రుల ద్వారా ప్రచారం చేయకూడదు. మంచి చట్టం. కాకపోతే అది డబ్బా కంపెనీకి ఏం చేయొద్దో చెప్పే చట్టం. డబ్బా చేతిలోకి వచ్చిన రాత్రి తల్లి పక్కన ఎవరుండాలో అందులో ఉండదు.

తెల్లారి మా అదృష్టం పైఅంతస్తు నుంచి దిగొచ్చింది. ప్రభుత్వ ప్రసూతి వార్డులో నర్సుగా చేసి రిటైరైన పెద్దావిడ. అందరికీ సిస్టరమ్మే. వాటర్ ట్యాంకు సంగతి అడగడానికి వచ్చి నా ఏడుపు విని లోపలికొచ్చింది. నిండా నలభై నిమిషాలు కూర్చుంది. ఆ నలభై నిమిషాల్ని మీకు పూసగుచ్చినట్టు చెప్పాలి, ఎందుకంటే నేను అడగబోయేది అదే.

ముందు బిడ్డను ముట్టుకోలేదు. చేతులు కడుక్కుని, గోరువెచ్చని నీళ్ళలో తువ్వాలు పిండి నా రొమ్ము మీద పరిచింది. చనుమొన చుట్టూ ఉన్న నల్లటి భాగాన్ని వేళ్ళ కొసలతో లోపలికి, ఛాతీ వైపుకి నిదానంగా నొక్కి ఉంచింది. పిండలేదు, నొక్కి పట్టుకుందంతే. ఒక నిమిషం. చోటు మార్చి ఇంకో నిమిషం. రాయిలాంటి చోట మెత్తగా గుంట పడింది. తర్వాత బొటనవేలు పైన, చూపుడువేలు కింద పెట్టించి, “ఎనకకి ఒత్తు, గప్పుడు దగ్గరికి తే. మొనని గుంజకు, పుండైతది” అని నా చేతే చేయించింది. నాలుగో ప్రయత్నంలో స్టీలు గ్లాసు అడుగున చుక్కలు పడ్డాయి. పసుపు తిరిగిన తెలుపు. గ్లాసు వంచి అమ్మకు చూపించింది. “పాలు లేవన్నవుగద అక్కా, గివేంటియి?”

నాకు కుట్లు ఇంకా పచ్చిగా ఉన్నాయి. బాబును ఒళ్ళో అడ్డంగా పెట్టుకుంటే వాడి కాళ్ళు సరిగ్గా వాటి మీదే తన్నేవి. సిస్టరమ్మ దిండు నా పక్కకి వేసి, చంకన బిందె పెట్టుకున్నట్టు బిడ్డను నా చేతి కిందికి తెచ్చింది. కాళ్ళు వెనక్కి, తల ముందుకి. వాడి ముక్కు చనుమొనకు ఎదురుగా పెట్టి ఆగమంది. ఆగాను. పెదవికి మొన తగిలి వాడు నోరు తెరిచాడు. “గంత సాలదు. ఆవులించినట్టు తెరవాలె.” మళ్ళీ ఆగాం. మూడోసారి వాడు నిజంగానే ఆవులించినట్టు తెరిచాడు, ఆవిడ నా చేతిని బిడ్డ వీపు మీద ఒక్క తోపు తోసింది. రొమ్ము బిడ్డ దగ్గరికి పోలేదు, బిడ్డే రొమ్ము దగ్గరికి వచ్చాడు. గడ్డం ఆనింది. కింది పెదవి బయటికి మడత పడింది. మొన ఒక్కటే కాదు, నల్లభాగం కూడా చాలావరకు లోపలికి పోయింది. నొప్పి లేదు. కాసేపటికి చిన్న చప్పుడు. గుటుక్. కొంచెం ఆగి, గుటుక్. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

పోతూ పోతూ గోడ మీద క్యాలెండర్ చూపించి, తడిపిన గుడ్డకు ఒక గీత పెట్టమంది. అయిదో రోజు నుంచి రోజుకు ఆరు గీతలు దాటుతుంటే పాలు సరిపోతున్నట్టే, ఎవరేమన్నా వినకు, పది పన్నెండు రోజులకు బరువు తూయించు అంది. నేను ట్రూప్ బజార్‌లో ఎలక్ట్రికల్ సామాను దుకాణంలో లెక్కలు రాస్తాను. నాకు ఈ పద్ధతి బాగా నచ్చింది. జమ ఎంతో కంటికి కనపడదు, అందుకని ఖర్చు లెక్క పెట్టుకోవాలి! బాబు పుట్టినప్పటి బరువు నుంచి తగ్గాడని మేమంతా బెంగపడ్డాం. మొదటి రోజుల్లో ఏడు నుంచి పది శాతం లోపు తగ్గడం మామూలేనని, రెండు వారాల్లో తిరిగి రావాలని ఆసుపత్రి తూకం యంత్రం పక్కన ఎవరైనా ఒక మాట అని ఉంటే ఆ రాత్రి డబ్బా మూత తెరిచేవాళ్ళం కాదేమో.

ఎండాకాలం వచ్చాక కూడా బాబుకు నీళ్ళు పట్టలేదు. ఆరు నెలల దాకా బిడ్డకు కావలసిన నీళ్ళు తల్లిపాలలోనే ఉంటాయి, మన ఏప్రిల్‌లో కూడా. దీనికి అమ్మను ఒప్పించడం మాత్రం రొమ్ము పట్టించడం కన్నా కష్టమైంది, ఆ కథ వేరే.

ఇప్పుడు మీ శాఖ సంగతికి వస్తాను. మీ దగ్గర ఏమీ లేదని నేను అనను. నాంపల్లిలో ఉండి ఆ మాట అంటే కళ్ళు పోతాయి. మొజంజాహీ మార్కెట్ నుంచి రెడ్ హిల్స్ ఎంత దూరం? మార్కెట్‌కి నిజాం రెండో కొడుకు పేరు పెట్టారు, 1935లో. ఆయన భార్య నీలోఫర్ పేరున అటువైపు పిల్లల ఆసుపత్రి. తన దగ్గర పనిచేసే రఫత్ అనే అమ్మాయి 1949లో కాన్పులో చనిపోతే, ఇంకే రఫత్‌కూ ఇట్లా కాకూడదని ఆమె పట్టుబట్టిందని చెప్తారు. 1953లో ఆసుపత్రి తెరిచారు. నీలోఫర్‌కు పిల్లలు లేరు. పండ్ల మార్కెట్‌కి ఆయన పేరు, పసిపిల్లలకి ఆమె పేరు. నాకెందుకో ఆ లెక్క సరిగ్గా కుదిరిందనిపిస్తుంది.

ఆ నీలోఫర్ ఆసుపత్రిలోనే 2017లో ‘ధాత్రి’ తల్లిపాల బ్యాంకు పెట్టారు. వేరే తల్లులు ఇచ్చిన పాలను 62.5 డిగ్రీల దగ్గర అరగంట వేడిచేసి, పరీక్షించి, నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు చుక్క చుక్కగా పడతారు. ముంబయి సయన్ ఆసుపత్రిలో 1989లో డాక్టర్ ఆర్మిడా ఫెర్నాండెజ్ మొదలుపెట్టిన పని ఇది, మన దాకా రావడానికి 28 ఏళ్ళు పట్టింది. వచ్చింది, సంతోషం. అటు ఆబిడ్స్ పక్కన బొగ్గులకుంటలో 1948 నుంచి ఉన్న ఫెర్నాండెజ్ ఆసుపత్రి వాళ్ళు 2011లో మిడ్‌వైఫ్‌లను తయారు చేయడం మొదలుపెడితే, 2017లో మన ప్రభుత్వమే వాళ్ళనీ యునిసెఫ్‌నీ కలుపుకుని సర్కారు నర్సులకు ఆ చదువు చెప్పించింది. అంటే చేతిలో విద్య ఉన్నవాళ్ళు మా ఇంటికి నడిచి పోయేంత దూరంలో ఉన్నారు. మరి నాలుగో రాత్రి నాకెందుకు దొరకలేదు?

ఎందుకంటే ఆ విద్య అంతా వార్డులో ఉంది. మేము వార్డులో ఉండేది రెండు మూడు రోజులు. మొదటి రెండు రోజులు వచ్చేవి ముర్రుపాలు, పట్టిన ప్రతిసారీ చిన్న చెంచాడు. పసివాడి పొట్టకి అంతే చాలు. పాలు ఒక్కసారిగా నిండేది రెండో రోజుకీ అయిదో రోజుకీ మధ్య. ఆపరేషన్ అయితే ఇంకాస్త ఆలస్యం. గేటు పాసు చేతికిచ్చి ఆటో ఎక్కించే రోజూ అదే. వంతెన సరిగ్గా నది మధ్యలో ఆపేసినట్టు ఉంది, చూడండి.

ఆసుపత్రిలో ఉన్న ఆ రెండు రోజులైనా సరిగ్గా జరుగుతోందా అంటే, 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే. పుట్టిన గంటలోపు తల్లిపాలు అందింది మాత్రం నూటికి 37 మందికి. మిగతా 63 మందికి తేనె నాకించిన అత్తమ్మలే కారణమని అనుకోవడం తేలిక. కానీ ఆ గంటలో బిడ్డ అత్తమ్మ చేతిలో ఉండదు, ఆసుపత్రి చేతిలో ఉంటుంది. అదే సర్వేలో మన కాన్పుల్లో 60 శాతం పైగా ఆపరేషన్లు, దేశంలోనే ఎక్కువ. కోతలు మన చేతిలో వెంటనే తగ్గవు అనుకుందాం. కోత పడ్డ తల్లికి బిడ్డను అందించే చెయ్యి ఒకటి అదనంగా ఉండాలి కదా.

కేంద్రం 2017లో ఇచ్చిన మార్గదర్శకాలు మీ టేబుల్ మీదే ఉంటాయి. పెద్దాసుపత్రిలో పాల బ్యాంకు, నవజాత శిశువుల యూనిట్ ఉన్నచోట తల్లి తన బిడ్డకే పాలు పిండి దాచే ఏర్పాటు, కాన్పు జరిగే ప్రతి చోటా పాలిచ్చే తల్లికి సాయం చేసే యూనిట్. మూడు మెట్లు. పై మెట్టు ఫొటోలో బాగుంటుంది, యంత్రాలుంటాయి, రిబ్బను కత్తిరించొచ్చు. కింది మెట్టులో ఒక కుర్చీ, ఒక దిండు, చెయ్యి తిరిగిన మనిషి, అంతే. దాన్ని ప్రారంభించడానికి ఎవరూ రారు. నేను అడిగేది ఆ కింది మెట్టునే. ఇంకో మెట్టు కిందికి కూడా దింపమంటున్నాను, ఇంటి గుమ్మం దాకా.

ఇంటికి ఆశా కార్యకర్త వస్తుంది కదా అంటారు. నిజమే, 2011 నుంచి ఆ పద్ధతి ఉంది. ఆసుపత్రిలో కాన్పైతే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆరు సార్లు రావాలి. ఇక్కడొక చిక్కుంది, దీన్ని మీరు కాస్త ఆగి వినాలి. మన ఆచారంలో తొలి కాన్పుకు ఆడపిల్ల పుట్టింటికి పోతుంది. నా పేరు రాసి ఉన్నది అత్తాపూర్‌లో అత్తగారింటి రిజిస్టర్‌లో. నేను పడుకుని ఉన్నది నాంపల్లిలో. అక్కడి ఆశాకు నేను ఊళ్ళో లేను. ఇక్కడి ఆశాకు నేను లెక్కలోనే లేను. ఇద్దరి తప్పూ కాదు. మూడో రోజు, ఏడో రోజు, పద్నాలుగో రోజు, సరిగ్గా సాయం కావలసిన రోజులన్నీ రెండు రిజిస్టర్ల మధ్య జారిపోయాయి. ఇరవై ఒకటో రోజున తొట్టెలలో వేసి పేరు పెట్టేనాటికి ఎంతోమంది తల్లులు డబ్బాకు అలవాటు పడిపోయి ఉంటారు. ఒక్క డబ్బా పడితే వాడు రొమ్ము దగ్గర ఒక పూట తక్కువ తాగుతాడు, తక్కువ తాగితే తక్కువ పాలు తయారవుతాయి, తక్కువైతే ఇంకో డబ్బా. బావిలో తోడితేనే కదా ఊట! డిశ్చార్జి రోజున ‘ఏ ఇంటికి పోతున్నావమ్మా’ అని ఒక్క ప్రశ్న అడిగి, ఆ ఇంటి ఆశాకు కబురు పంపితే చాలు. కొత్త బడ్జెట్ అక్కర్లేదు, ఒక్క గడి చాలు.

ఆ వచ్చే ఆశాకైనా, నర్సుకైనా చేతి పని నేర్పండి. “తల్లిపాలు పట్టు, అమృతం” అని చెప్పే శిక్షణ కాదు. అది మా అందరికీ కంఠతా వచ్చు, ఆగస్టు మొదటి వారంలో ప్రతి గోడా చెప్తుంది. కావలసింది గట్టిపడ్డ రొమ్మును మెత్తబరచడం, చదునుగా ఉన్న మొనకు బిడ్డను అలవాటు చేయడం, ఉగ్గుగిన్నెతో పట్టడం, పచ్చకామెర్లు వచ్చి నిద్రపోతున్న బిడ్డను లేపి తాగించడం, జ్వరంతో ఎర్రబడ్డ రొమ్మును చూడగానే డాక్టర్ దగ్గరికి పంపడం. ఇది మాటల విద్య కాదు, ఇరవై ముప్పై మంది తల్లుల పక్కన కూర్చుంటేనే వస్తుంది. నేర్చుకున్న నర్సును తెల్లారే ఇంకో వార్డుకు మార్చకండి. నాంపల్లిలో ఉండాలంటే ఆమెకు ఉర్దూ కూడా రావాలి. మా ఖాలా కోడలికి తెలుగులో చెప్తే తల ఊపుతుంది, బిడ్డను మాత్రం పాత పద్ధతిలోనే పట్టుకుంటుంది.

నాంపల్లి ఏరియా ఆసుపత్రిలో ఒక గది, ప్రతి బస్తీ దవాఖానాలో వారంలో కొన్ని గంటలు, ఎక్కడ కాన్పైనా, కార్డు ఏ వాడదైనా లోపలికి రానిచ్చే కుర్చీ ఒకటి. రాత్రి పూట ఫోన్ ఎత్తే గొంతు ఒకటి. ప్రైవేటులో ఈ పని చేసే సలహాదారులు నగరంలో ఉన్నారు, ఇంటికీ వస్తారు. వాళ్ళ ఫీజు నా జీతం లెక్కలో ఇమడదు. నేను పనిచేసే దుకాణంలో ఏడుగురం. ప్రసూతి చట్టం పది మంది గాని అంతకన్నా ఎక్కువ గాని ఉన్న దుకాణాలకే, కాబట్టి 26 వారాల సెలవూ నాది కాదు, బిడ్డకు 15 నెలలు వచ్చేదాకా రోజుకు రెండుసార్లు పాలిచ్చేందుకు ఇవ్వాల్సిన విరామమూ నాది కాదు. మా సేట్ మంచివాడు, మూడు నెలలు ఆగాడు. చట్టం స్థానంలో మంచితనం ఉన్న దుకాణాలు ఆబిడ్స్‌లో ఎన్నో, లేనివీ అన్నే.

బయటి దేశాల సంగతి ఎక్కువ చెప్పను. నెదర్లాండ్స్‌లో కాన్పు తర్వాత మొదటి వారం పైచిలుకు శిక్షణ పొందిన మనిషి రోజూ ఇంటికే వచ్చి కొన్ని గంటలు ఉంటుందట. అది డబ్బున్న దేశం అనుకోండి. బ్రెజిల్ అంత డబ్బున్న దేశం కాదు. అక్కడ పాల బ్యాంకులు రెండు వందలకు పైగా ఉన్నాయి. వాటిలో పాలు దాచడం ఒక్కటే కాదు, ఏ తల్లయినా వచ్చి కూర్చుని రొమ్ము పట్టించడం నేర్చుకోవచ్చు. తల్లులు ఇచ్చే పాలను ఇళ్ళ దగ్గర నుంచి ఫైరింజన్ సిబ్బంది తెచ్చిపెడతారు. తల్లిపాల సంగతులు చెప్పే కాగితాలు పోస్ట్‌మ్యాన్‌లు ఇంటింటికీ అందించారు. ఆబిడ్స్ జీపీవో ముందు నుంచి పోయినప్పుడల్లా నాకిది గుర్తొచ్చి నవ్వొస్తుంది. మనవాళ్ళు మాత్రం చేయలేరా!

సిస్టరమ్మకు ఇప్పుడు డెబ్బై దాటాయి. మోకాళ్ళు సహకరించడం లేదు. పోయిన నెల మా సందు చివర వాచ్‌మన్ కోడలికి కాన్పైంది. అయిదో రాత్రి పన్నెండున్నరకు వాచ్‌మన్ వచ్చి తలుపు కొట్టాడు, సిస్టరమ్మను పిలవమని. ఆవిడ మాత్ర వేసుకుని పడుకుంది, లేపబుద్ధి కాలేదు. నేనే వెళ్ళాను. రేకుల గది, ఒక బల్బు, నాలాగే రాళ్ళలా గట్టిపడ్డ రొమ్ములు పట్టుకుని పద్దెనిమిది పంతొమ్మిదేళ్ళ పిల్ల. తువ్వాలు తడిపాను, వేళ్ళు పెట్టాను, నాకు చేయించినట్టే చేయించాను. బిడ్డ ఒక పక్క పట్టింది. రెండో పక్క మొన లోపలికి ముడుచుకుని ఉంది. దానికేం చేయాలో నాకు తెలియదు. నాకు తెలిసింది నా ఒంటి సంగతి ఒక్కటే.

“పొద్దుగాల ఏడికి పోవాలె అక్కా? గీ చిట్టీల రాసియ్యి” అంది ఆ పిల్ల. నీలోఫర్ అని రాద్దామనుకున్నాను. రాష్ట్రం నలుమూలల నుంచి వచ్చే జబ్బుపిల్లలది ఆ వరస. బిడ్డకు జబ్బేమీ లేదు, తల్లికీ లేదు. పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను మంత్రిగారూ. ఆ చిట్టీ ఇంకా నా దగ్గరే ఉంది, అడ్రసు మీరు చెప్తే రాసిస్తాను.

ఇట్లు,
నాంపల్లి నుంచి ఒక తల్లి